చెయ్యి పెడితే మూలకి పరుగు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకి తొమ్మిదేళ్ళు. దాని పుట్టినరోజుకి కాకినాడలో ఒక షాపులో రెండు గినీ పిగ్స్ కొన్నాం. రెండూ ఆడవే అని చెప్పారు. మూడు నెలలైంది. ఇప్పటికీ కేజ్ పైమూత తీస్తే చాలు, రెండూ థర్మోకోల్ పెట్టెలోకి దూరిపోతాయి. షాపతను "రోజూ రెండుపూటలా బలవంతంగానైనా చేతుల్లోకి తీసుకోండి, అవే అలవాటు పడతాయి" అన్నాడు. అలాగే చేస్తున్నాం. నల్లది ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా కదలకుండా కూర్చుంటుంది. గోధుమరంగుది మాత్రం ఈమధ్య వీపు మీద చెయ్యి వేస్తే కీచుమని అరుస్తోంది. మెడ వెనక జుట్టు ఊడుతోంది కూడా. పాప దిగులుపడుతోంది. మా అత్తగారేమో "ఎలకల్ని తెచ్చి నట్టింట్లో పెట్టారు, ఎవరికైనా ఇచ్చేయండి" అంటున్నారు. కుందేళ్ళ మేత, వరిగడ్డి, కాస్త అన్నం, కొబ్బరిముక్కలు పెడుతున్నాం. ఇవి మా చేతికి ఎప్పటికైనా అలవాటవుతాయా? వారానికోసారి స్నానం చేయిస్తే తొందరగా మచ్చికవుతాయని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు:

అమ్మా, మచ్చిక సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గోధుమరంగుదాన్ని పశువుల డాక్టరుకి చూపించండి. వీపు ముట్టుకుంటే అరవడం, మెడ వెనక జుట్టు రాలడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే అది బెదురు కాదు, నొప్పో దురదో. గినీ పిగ్స్‌కి చర్మంలో తొలుచుకుపోయే గజ్జి పురుగులు పడతాయి. కంటికి కనిపించవు. మెడ, భుజాలు, వీపు దగ్గర విపరీతమైన దురద పుట్టి, గీరుకుని గీరుకుని పొక్కులు కడతాయి. ముదిరితే ముట్టుకోగానే మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటాయి కూడా. అలాంటి ఒంటి మీద రోజూ రెండుపూటలా చెయ్యి వేస్తుంటే, అది నేర్చుకునేది ఒక్కటే: ఈ చెయ్యి వస్తే మంట పుడుతుంది. మందు పడనంత కాలం మీరెంత ముద్దుగా నిమిరినా లాభం లేదు.

జుట్టు ఊడింది మెడ దగ్గర కాకుండా ముక్కు మీద, కళ్ళ చుట్టూ, చెవుల దగ్గర అయితే, అక్కడ పొట్టు రాలుతుంటే, అది తామర కావచ్చు. మన వైపు గాలిలో తేమకి అది పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. పైగా మనుషులకీ అంటుకుంటుంది. పాప చేతుల మీద గుండ్రటి ఎర్ర మచ్చలేమైనా ఉన్నాయేమో ఈరోజే చూడండి. ఏదైనా సరే, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి.

మీ మండలంలోని పశువుల ఆసుపత్రిలో ముందు అడగండి. అక్కడి డాక్టర్లకి రోజంతా గేదెలు, ఆవులు, గొర్రెలతోనే సరిపోతుంది కాబట్టి గినీ పిగ్ తెచ్చామంటే కొంచెం ఆశ్చర్యపోవచ్చు, కానీ చూడం, తీసుకుపొండి అని మాత్రం అనరు. వాళ్ళకి చేతకాదనిపిస్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మీ పక్కనున్న పి.గన్నవరం కాదు, విజయవాడ దగ్గర గన్నవరం. దూరమే గానీ, వెళితే తెల్లవారుజామునే బయలుదేరండి, రెండింటినీ ఒకే పెట్టెలో కలిపి తీసుకెళ్ళండి. ఒకదానికి పురుగు పడితే రెండోదానికీ పడే ఉంటుంది, మందు రెండింటికీ వెయ్యాలి. పైగా పక్కన తోడుంటే ప్రయాణంలో భయం తగ్గుతుంది. మందు ఒక్కసారితో అయిపోదు, పది రోజులు, రెండు వారాల తేడాతో మళ్ళీ వేస్తారు. మధ్యలో తగ్గిందని మానెయ్యకండి.

ఒక హెచ్చరిక. ఇంట్లో మిగిలిన మాత్రలు అరగదీసి పొయ్యడం మనకి బాగా అలవాటు. గినీ పిగ్స్ విషయంలో అది ప్రాణం మీదకి తెస్తుంది. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి, గినీ పిగ్ రోజుల్లోనే చనిపోవచ్చు. మనుషుల డాక్టరు రాసిన చీటీతోనో, మెడికల్ షాపులో అడిగి తెచ్చో ఏదీ వెయ్యకండి. కుక్కల పేల మందు కూడా వద్దు. కిరసనాయిలు, కర్పూరం నూనె లాంటి ఇంటి వైద్యాలూ వద్దు, అవి ఒళ్ళంతా నాక్కుంటాయి.

తిండి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అదీ ముట్టుకోవడానికి సంబంధించినదే. మనలాగే గినీ పిగ్ ఒంట్లో కూడా విటమిన్ సి తయారు కాదు, రోజూ తిండిలోంచే రావాలి. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. పెద్దది సుమారు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది. కుందేలుకి ఈ అవసరం లేదు, అందుకే కుందేళ్ళ మేతలో ఆ విటమిన్ వెయ్యరు. మీరు పెడుతున్న అన్నం, వరిగడ్డి, కొబ్బరి వేటిలోనూ అది చెప్పుకోదగ్గంత లేదు. కొరత వస్తే కీళ్ళు వాచి, చిగుళ్ళు పుండై, ఎత్తుకోగానే అరుస్తాయి, కదలడానికే బద్ధకిస్తాయి. కాబట్టి మీ గోధుమరంగుది అరవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, డాక్టరుకి ఏం పెడుతున్నారో దాచకుండా చెప్పండి.

మందు మన పెరట్లోనే ఉంది. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అంటే బొటనవేలి గోరంత ముక్కలు రెండు మూడు రోజూ పెడితే ఒకదానికి సరిపోతుంది. గింజలు తీసి పెట్టండి. రోజూ కాస్త కొత్తిమీర, ఒక క్యాప్సికం ముక్క, అప్పుడప్పుడు కీరదోస. నీళ్ళసీసాలో కలిపే విటమిన్ చుక్కలు వద్దు, గంటల్లోనే పస పోతాయి, నీళ్ళ రుచి మారిందని తాగడం మానేస్తాయి కూడా. కొబ్బరి మానెయ్యండి, నూనె ఎక్కువ. కోనసీమలో ఇంటికొచ్చిన ఎవరికైనా కొబ్బరి పెట్టకుండా ఉండలేమని నాకు తెలుసు, వీటికి మాత్రం వద్దు. అన్నం, రొట్టె, బిస్కెట్ కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలు వద్దు.

కడుపు నిండాల్సింది గడ్డితో. వరిగడ్డి కింద పరుపుగా పనికొస్తుంది గానీ అందులో బలం లేదు. గరిక కోసి కడిగి ఆరబెట్టి పెట్టండి, పచ్చిది కొద్దికొద్దిగా అలవాటు చేయండి, ఒక్కసారిగా పెడితే పారుకుంటాయి. చేను గట్టు మీద గరిక కోసేముందు ఆ చేలో ఎప్పుడు మందు కొట్టారో అడగండి. మీ కొబ్బరితోటలో మందు తగలని చోట మొలిచిందైతే నిశ్చింత. వాటి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పళ్ళు పెరిగి నోరు నొప్పెడుతున్న జంతువు కూడా దవడ దగ్గర ముట్టుకోనివ్వదు.

ఇక షాపతని సలహా. పట్టుకుని పట్టుకుని అలవాటు చేయడం అనేది మీ ఒక్కరికే కాదు, చాలామందికి చెబుతారు. నాకు అది అసలు నచ్చదు. మీ నల్లది ఒళ్ళో బుద్ధిగా కూర్చుంటుందని సంతోషంగా రాశారు. అది బుద్ధి కాదమ్మా, భయం. పారిపోయే దారి లేనప్పుడు గినీ పిగ్ చేసే పని బిగుసుకుపోవడం. దాక్కునే జంతువుకి కదలకపోవడమే ఆఖరి ఉపాయం, వేటాడేవాడి చూపు కదిలేదాని మీదే పడుతుంది కనుక. ఈసారి ఒళ్ళో ఉన్నప్పుడు ఒక కొత్తిమీర రెమ్మ నోటి దగ్గర పెట్టి చూడండి. నమిలితే పరవాలేదు, కొంచెం కుదురుగానే ఉంది. ప్రాణమిచ్చే కొత్తిమీరని కూడా ముట్టుకోకుండా, కళ్ళు పెద్దవి చేసుకుని, ఒళ్ళు రాయిలా పెట్టుకుని కూర్చుంటే మెల్లగా కేజ్‌లో దింపేయండి.

ఎందుకింత భయం అంటే, గినీ పిగ్స్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడి జనం వేల ఏళ్ళ కిందటే వీటిని మాంసం కోసం పెంచడం మొదలుపెట్టారు, ఈరోజుకీ పెరూలో పల్లెల్లో మన ఇళ్ళలో కోళ్ళు తిరిగినట్టు వంటగదుల్లో తిరుగుతుంటాయి. యూరప్ వాళ్ళు 16వ శతాబ్దంలో ఓడల మీద తీసుకెళ్ళాక గానీ ముద్దు చేయడం మొదలవలేదు. ఇన్ని వేల ఏళ్ళు మనిషి దగ్గర ఉన్నా, వాటిని తినే గద్దలు, నక్కలు, పాములు పెట్టిన భయం పోలేదు. మీ కేజ్‌కి పైన మూత ఉందని రాశారు చూడండి, సగం సమస్య అక్కడే ఉంది. పైనుంచి ఏది దిగినా వాటికి గద్దే. మీ పాప చెయ్యి ఎంత చిన్నదైనా, ఎంత ప్రేమగా దిగినా సరే. కళ్ళు తలకి రెండు పక్కలా ఉండటంతో చుట్టూ చాలా మేర చూస్తాయి, కానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు, వాసనతో, మీసాలతో తెలుసుకోవాలి. అందుకని తిన్నగా ముఖం మీదకి వచ్చే వేలికీ ఉలిక్కిపడతాయి.

కాబట్టి మొదట చెయ్యాల్సింది కేజ్ మార్చడం, లేదా ఉన్నదానికే పక్కనుంచి తలుపు కోయించడం. వెల్డింగ్ షాపులో అరగంట పని. అంతకన్నా మంచిది, గదిలో ఒక మూల నేల మీదే చిన్న దడి కట్టి వదలడం. రెండింటికి కనీసం మంచం సగమంత చోటు కావాలి. దడికి ఇనుప మెష్ వాడండి. చేపల చెరువు వల పాతది ఇంట్లో ఉంది కదా అని కట్టకండి, కొరికి కాళ్ళు ఇరికించుకుంటాయి. రాత్రిపూట మాత్రం పైన కూడా మూసి ఉండాలి. పిల్లులే కాదు, మన ఇళ్ళలో పందికొక్కులు, వాటి కోసం వచ్చే జెర్రిగొడ్లు ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. మెష్ కన్ను వేలు పట్టనంత సన్నంగా ఉండాలి. వరండాలో వద్దు, లోపల గదిలోనే పెట్టండి. టీవీ పక్కన, మిక్సీ పక్కన వద్దు. మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా వాటికి వినిపిస్తాయి. గుడి మైకు, పెళ్ళి డీజే మీ చేతిలో లేవు, టీవీ ఉంది.

థర్మోకోల్ పెట్టె ఇవ్వాళే తీసెయ్యండి. చేపల మార్కెట్ నుంచి తెచ్చిందో, ఎక్కడిదో గానీ, అవి కొరుకుతాయి, మింగుతాయి. దాని బదులు మట్టికుండ మూతి పగలగొట్టి, అంచులు రాయితో నున్నగా అరగదీసి అడ్డంగా పడుకోబెట్టండి. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో కుండ ఉండాలి, లేకపోతే దాని కోసం కొట్టుకుంటాయి. ఇంకా రెండువైపులా దారి పెట్టిన అట్టపెట్టె ఒకటి. దాక్కునే చోటు ఎక్కువైతే ఇంకా బయటికి రావేమోనని చాలామంది తీసేస్తారు. జరిగేది తలకిందులు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దూరిపోవచ్చని తెలిసిన జంతువే ధైర్యంగా బయట తిరుగుతుంది. కుండలో దూరినదాన్ని మాత్రం చెయ్యి పెట్టి లాగొద్దు. అది ఇంట్లో అందరికీ కచ్చితంగా చెప్పండి, చుట్టాల పిల్లలతో సహా.

ఇవన్నీ అమరాక, ఒక వారం పదిరోజులు చెయ్యి మాటే ఎత్తొద్దు. మందు వెయ్యాల్సినప్పుడు తప్ప. ఆ మందు వేసేది మీరో మీ ఆయనో, పాప కాదు. పాప చెయ్యి మంచి వాటితోనే గుర్తుండాలి. పాపకి ఈ వారం పనేంటంటే, సాయంత్రం దడి పక్కన చాప వేసుకుని హోంవర్కు చేసుకోవడం. పాఠం పైకి చదువుకుంటే ఇంకా మంచిది, వాటికి గొంతు అలవాటవుతుంది, ఆమెకి ఎక్కాలు వస్తాయి. వాటివైపు తదేకంగా చూడొద్దు. మెల్లగా అవే మెష్ దగ్గరికి వచ్చి ముక్కు ఆడిస్తాయి.

ఆ తర్వాత కొత్తిమీర పని మొదలు. పెట్టే ముందు ప్రతిసారీ ఒకే మాట అనండి, మీ ఇష్టం, "రా రా బుజ్జీ" అన్నా సరే. కొన్నాళ్ళకి ఆ మాట వినగానే, కవరు చప్పుడుకీ, ఫ్రిజ్ తలుపు చప్పుడుకీ కూడా "వీక్ వీక్" అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాయి. ఆ అరుపు ఆకలిది, సంతోషానిది, కంగారుపడొద్దు. పొడుగాటి రెమ్మ చివర పట్టుకుని పక్కనుంచి, నేలకి ఆనించి అందించాలి. అందుకోకపోతే అక్కడే వదిలేసి వెనక్కి జరగాలి. రేపు మళ్ళీ. రోజులు గడిచేకొద్దీ రెమ్మ పొట్టిదవ్వాలి, చివరికి అరచేతిలో పెట్టుకునేదాకా. అరచేయి నేల మీద వెల్లకిలా, కదలకుండా. మీసాలు తగిలి గిలిగింతలు పెడితే పాప చెయ్యి లాక్కుంటుంది, అది ముందే చెప్పండి. చేపలు కడిగిన చేతితోనో, వీధి కుక్కని నిమిరిన చేతితోనో వెళ్ళొద్దు. ఘాటు వాసన సబ్బు కూడా వద్దు.

అరచేతిలోంచి నిమ్మళంగా తింటున్నప్పుడు, రెండో చేతి ఒక్క వేలితో గడ్డం కిందో, చెంప మీదో తాకాలి. నిమరడం కాదు, తాకి తీసేయడం. తినడం ఆపకపోతే రేపు రెండుసార్లు. మొదట చెంప, తర్వాత చెవుల మధ్య నుదురు, ఆ తర్వాత భుజం. జుట్టు పడుకున్న వైపే నిమరాలి. వెనకభాగం, పొట్ట, పాదాలు చాలా గినీ పిగ్స్‌కి ఎన్నేళ్ళయినా నచ్చవు, వాటి జోలికి పోవద్దు. ఇక్కడ మీరు చూస్తూ ఉండాల్సింది తల. వేలు మీద ఉండగా తలని గభాల్న పైకి విసిరిందంటే "చాలు, తీసెయ్యి" అని. వెంటనే తీసెయ్యండి. అది చెప్పిన మాట మీరు విన్నారని దానికి తెలియడం, వంద కొత్తిమీర కట్టల కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఈ తల విసురుని లెక్కచెయ్యకుండా నిమురుతూ పోయినప్పుడే తర్వాత పళ్ళు టకటకలాడిస్తాయి, ఆపైన కరుస్తాయి. ఊరికే కరిచే గినీ పిగ్‌ని నేను చూడలేదు. వేలిని వాసన చూసి చిన్నగా పళ్ళతో పట్టి వదిలేయడం వేరు, అది తిండేమో అని చూడటం.

గొంతులో గుర్రుమనే శబ్దం గురించి కూడా ఒక మాట. ఒళ్ళు వదులుగా, కిందికి జారినట్టు పడుకుని, లోతుగా గుర్రుమంటుంటే హాయిగా ఉన్నట్టు. ఒళ్ళు బిగబట్టి, పొట్టిగా "డ్ర్ర్" మని ఆపేస్తే ఏదో నచ్చలేదు, లేదా ఏదో చప్పుడుకి బెదిరింది. శబ్దం దాదాపు ఒకటే, ఒళ్ళు చూస్తేనే తేడా తెలుస్తుంది. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి మెలికలు తిరుగుతూ గెంతితే ఫిట్స్ వచ్చిందని భయపడకండి. చిన్నవయసు గినీ పిగ్స్ సంతోషమొస్తే అలాగే గెంతుతాయి. గజ్జి మందు పడి దురద తగ్గాక మీ గోధుమరంగుది కూడా గెంతుతుంది.

ఎత్తుకోవడం ఎప్పుడు? నన్నడిగితే, చేతులతో ఎత్తడం కన్నా ముందు బుట్ట అలవాటు చేయండి. కొబ్బరి ఈనెల బుట్టో, తాటాకు బుట్టో, దడిలో అడ్డంగా పడుకోబెట్టి లోపల జామముక్క పెట్టండి. రోజూ అందులో తింటుంటే భయం పోతుంది. అప్పుడు దాన్ని మెల్లగా నిలబెట్టి, కింద చెయ్యి పెట్టి, నేల మీద కూర్చున్న పాప పక్కకి తెచ్చి దింపొచ్చు. తరుముకుంటూ పట్టుకోవాల్సిన అవసరమే రాదు. వారానికోసారి అదే బుట్టతో కిచెన్ త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. బరువు తగ్గుతోందంటే ఒంట్లో బాగోలేదని అన్నిటికన్నా ముందు చెప్పేది అదే. ఒక్కరోజు తిండి మానేసిందంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వాటి పేగులు ఖాళీగా ఉండకూడదు.

చేతులతో ఎత్తాల్సి వచ్చినప్పుడు ఒక అరచేయి ఛాతీ కింద, ముందుకాళ్ళ వెనక. రెండోది వెనకభాగం కింద పూర్తిగా. ఎత్తగానే మీ గుండెకి ఆనించుకోండి, గాల్లో వేలాడితే పడిపోతున్నాననుకుని తన్నుకుంటుంది. మెడ తోలు పట్టుకుని ఎత్తొద్దు, వెల్లకిలా తిప్పొద్దు. పాప మాత్రం నిలబడి ఎత్తకూడదు, ఎప్పుడూ. తొమ్మిదేళ్ళ పిల్ల నడుమెత్తు నుంచి జారి పడితే చాలు, వెన్నెముకో, కాలో, ముందు పళ్ళో విరుగుతాయి. ఆమె నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒళ్ళో తువ్వాలు పరిచి మీరు దింపండి. దిగిపోవాలనుకుంటే దిగిపోనివ్వండి. మొదట్లో రెండు నిమిషాలు చాలు. పది, పదిహేను నిమిషాలకోసారి మూత్రం పోస్తాయి, ముందు అటూ ఇటూ మెసులుతాయి, అది గుర్తుపడితే బట్టలు దక్కుతాయి.

రెండూ ఆడవేనని షాపులో చెప్పారు కదా, డాక్టరు దగ్గర ఆ సంగతి కూడా ఖాయం చేసుకోండి. చిన్నప్పుడు పోల్చడం కష్టం, పొరపడటం మామూలే. ఒకటి మగదైతే గోధుమరంగుది కడుపుతో ఉండి ఉండొచ్చు. వాటికి 59 నుంచి 72 రోజుల్లో పిల్లలు పుడతాయి. పొట్ట రెండు పక్కలా ఉబ్బితే అసలు ఎత్తకండి. అలాగని ఒకదాన్ని ఎవరికో ఇచ్చేసి ఒక్కదాన్నే ఉంచుకోవద్దు. ఒంటరి గినీ పిగ్ ఇంకా బెదురుగా తయారవుతుంది. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్కదాన్ని పెంచడం చట్టరీత్యా కుదరదు. మగదని తేలితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి, అంతదాకా వేర్వేరు దడుల్లో, ఒకటికొకటి కనిపించేలా ఉంచండి.

ఎండలు ముదరకముందే ఇదంతా ఒక కొలిక్కి తెచ్చుకోండి. వీటికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మనకి మే నెలలో 40 దాటుతుంది, ఉక్క సరేసరి. ఎండలు మండే రోజుల్లో ఒళ్ళో కూర్చోబెట్టడాలు తెల్లారే లోపు చేసుకోవాలి, లేకపోతే మానెయ్యాలి. మన ఒంటి వేడే వాటికి ఎక్కువ. మధ్యాహ్నం నీళ్ళసీసా గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి, దడిలో ఒక మూల పెట్టండి, కావాలంటే అవే ఆనుకుంటాయి. కరెంటు పోయినప్పుడు తడి గోనెపట్టా దడి పక్కన వేలాడదీయండి. సొంగ కారుస్తూ, ఒగరుస్తూ, చాపచుట్టలా పడుంటే వడదెబ్బ. చల్లటి నీళ్ళలో (ఐసు నీళ్ళు మాత్రం వద్దు) తడిపిన గుడ్డని చెవులకీ పాదాలకీ అద్దుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. ఎలకజాతివే, ఆవిడ అన్నది అబద్ధం కాదు. ఆవిడ బాధ బహుశా వాసన గురించి. తడిసిన గడ్డి రోజూ తీసి, పరుపు రెండు మూడు రోజులకోసారి పూర్తిగా మార్చితే వాసన ఉండదు. సాయంత్రం కొత్తిమీర పెట్టే పని ఆవిడకి ఒప్పజెప్పి చూడండి. పిల్లల కన్నా పెద్దవాళ్ళ దగ్గరికే ఇవి ముందు వస్తాయి, ఎందుకంటే వాళ్ళు కదలకుండా కూర్చుంటారు, తొందరపడరు.

ఇవన్నీ చేసినా ఒళ్ళో కూర్చోవడం ఇష్టపడనివి కొన్ని ఉంటాయి. చేతిలోంచి తిని, చెంప నిమరనిచ్చి, అంతకుమించి వద్దంటాయి. మీ రెండింట్లో ఒకటి అలాంటిదైతే పాపకి ముందే చెప్పండి. ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతుంది. నెలలో కొంత మార్పు కనిపిస్తుంది. ఒళ్ళోకి తనంతట తాను ఎక్కడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు, ముందు బలవంతంగా పట్టుకున్నవాటికి మరీను. వీటి ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్ళు, తొందరేమీ లేదు.

స్నానం వద్దు. తడిస్తే జలుబు చేస్తుంది, తేమకి తామర పెరుగుతుంది, మచ్చిక మాట అటుంచి ఉన్న నమ్మకం కాస్తా పోతుంది. డాక్టరు మందు స్నానం చెప్పినప్పుడు తప్ప నీళ్ళు పొయ్యకండి. వెనకభాగం బాగా మురికైతే గోరువెచ్చటి తడిగుడ్డతో ఆ మేరకు తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. గోళ్ళు మాత్రం నెలకో, నెలన్నరకో కత్తిరించాలి. లోపల రక్తనాళం ఉంటుంది, నల్ల గోళ్ళలో అది కనిపించదు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారినే కత్తిరించమని, ఎలా పట్టుకుంటున్నారో, ఎంతవరకు కత్తిరిస్తున్నారో దగ్గరుండి చూడండి.